కనబడని డైమెన్షన్లు: లోకంలో ఉన్నాయా, లెక్కలో ఉన్నాయా?

ఇంజనీరు: డైమెన్షన్ అన్న మాటకు నేను బెదిరేవాణ్ని కాదు మేడమ్. మా పనే వాటితో. 2018లో వచ్చిన బెర్ట్ భాషా మోడల్‌లో చిన్న రకం తీసుకున్నా ఒక్కో మాట 768 సంఖ్యల వరుసగా మారిపోతుంది. అంటే 768 డైమెన్షన్ల చోటులో ఒక బిందువు. రాయదుర్గం మెట్రో దగ్గర్నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఎన్నో ఆఫీసుల్లో ఇలాంటి లెక్కలు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. అయినా లిఫ్టు దిగి బయటికొచ్చాక 768 వైపులకు నడవొచ్చని మాలో ఎవరమూ అనుకోం. మరి కణాలను సన్నని తీగల కంపనాలుగా చూసే స్ట్రింగ్ థియరీ వాళ్ల లెక్కలో పది వచ్చాయనో పదకొండు వచ్చాయనో విశ్వానికి అన్ని ఉన్నాయని ఎందుకు ఒప్పుకోవాలి?

పరిశోధకురాలు: లెక్కలోని డైమెన్షన్‌కూ లోకంలోని డైమెన్షన్‌కూ తేడా ఉందని నేనూ అంటాను. ముందు ఆ తేడా ఏమిటో తేల్చుకుందాం. మీ పట్టికలో ఒక కాలమ్ జీతం, ఇంకో కాలమ్ వయసు అనుకోండి. జీతాన్ని పక్కకు తిప్పి వయసు చేయగలరా? చేయలేరు. కానీ లాప్‌టాప్‌ను తొంభై డిగ్రీలు తిప్పితే పొడవు కాస్తా వెడల్పవుతుంది. ఒకే స్కేలుతో రెండూ కొలవొచ్చు. ఇది మొదటి షరతు. రెండోది, కనీసం గురుత్వాకర్షణైనా ఆ దిశలోకి వ్యాపించాలి, వ్యాపించిన కొద్దీ పలచబడాలి. ఈ రెండూ తీరితేనే నేను దాన్ని చోటుకు సంబంధించిన డైమెన్షన్ అంటాను. మీ 768 ఈ పరీక్షలో నిలవవు. స్ట్రింగ్ థియరీ చెప్పేవి నిలుస్తాయి.

ఇంజనీరు: షరతులు బాగున్నాయి. అయితే మొదటిది మీకే అడ్డం తిరుగుతుంది. మీ అదనపు డైమెన్షన్ ఎక్కడో చిన్న వలయంగా చుట్టుకుని ఉంటుందంటారు కదా? నా లాప్‌టాప్ పొడవును అందులోకి తిప్పి చూపించండి మరి.

పరిశోధకురాలు: తిప్పలేను, ఒప్పుకుంటున్నాను. చుట్టుకున్న దిశకూ పరుచుకున్న దిశకూ మధ్య ఆ సమానత్వం పెద్ద దూరాల్లో చెడిపోతుంది. వలయం కంటే చిన్న దూరాల్లోకి దిగితేనే అన్ని దిశలూ మళ్లీ ఒకే జాతి అవుతాయి. కాబట్టి నా వాదన బరువంతా ఆ చిన్న దూరాల మీదే ఉంది.

ఇంజనీరు: అక్కడికి తర్వాత వద్దాం. ముందు మనవాళ్ల ఉదాహరణే ఒకటి చెప్తాను. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఉన్న రోడ్డుకు గణాంక శాస్త్రవేత్త ప్రొఫెసర్ సి.ఆర్. రావుగారి పేరు పెట్టారు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుతో ఒక సంస్థే ఉంది. 1945లో, ఇంకా పాతికేళ్లు నిండకముందు అనుకోండి, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది. అందులో సంభావ్యతా పంపిణీలను వంపు తిరిగిన చోటులో బిందువులుగా చూసి, వాటి మధ్య దూరం ఎలా కొలవాలో చెప్పారు. గంట ఆకారంలో ఉండే నార్మల్ పంపిణీనే తీసుకోండి. సగటు ఒక సంఖ్య, చెదురు ఇంకో సంఖ్య. నార్మల్ పంపిణీలన్నీ కలిస్తే రెండు డైమెన్షన్ల తలం అవుతుంది. రావుగారి కొలతతో చూస్తే ఆ తలం చదునుగా ఉండదు, దానికి రుణ వక్రత ఉంటుంది. ఐన్‌స్టీన్ వాడిన రీమన్ జ్యామితే ఇక్కడా పనిచేస్తుంది. వంపుంది, దూరముంది, రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి కూడా ఉంది. అంత ఉన్నా, ఆ తలం ఆకాశంలో ఎక్కడో ఉందని రావుగారు అనలేదు. జ్యామితి పనికొచ్చినంత మాత్రాన చోటు పుట్టుకురాదు.

పరిశోధకురాలు: పుట్టుకురాదు. కానీ లెక్క కోసం తెచ్చిన జ్యామితి తర్వాత లోకంలో నిలబడ్డ సందర్భమూ ఉంది. 1908లో హెర్మాన్ మింకోవ్‌స్కీ కాలాన్ని నాలుగో డైమెన్షన్‌గా కలిపి చూపించినప్పుడు, సిద్ధాంతం తనదే అయినా ఐన్‌స్టీన్ దాన్ని మొదట గణితజ్ఞుల ఆడంబరంగానే తీసుకున్నారు. తర్వాత 1915లో ఆయన పూర్తి చేసిన సాధారణ సాపేక్షత ఆ నాలుగు డైమెన్షన్లు లేకుండా నిలవదు. ఇవాళ మీ ఫోన్‌లో మ్యాప్ పనిచేస్తోందంటే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలకు రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్ల సవరణ చేస్తున్నందుకే. ఆ సవరణ మానేస్తే ఒక్కరోజులో కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. మింకోవ్‌స్కీ కాలంలో మీరు ఉండి ఉంటే, అది పుస్తకంలో కాలమ్ మాత్రమే అని కొట్టేసేవారు.

ఇంజనీరు: కొట్టేసేవాణ్నే. ఆ 38 మైక్రోసెకన్లు చూశాక నోరు మూసుకునేవాణ్ని కూడా. నేనడిగేది అదే. కాలం అనే డైమెన్షన్ తన అద్దె తను కట్టుకుంది. మీ అయిదో డైమెన్షన్ సంగతేమిటి? థియోడోర్ కలూజా 1919లో ఐన్‌స్టీన్‌కు ఉత్తరం రాశారు, 1921లో వ్యాసం అచ్చయింది. నూరేళ్లు దాటింది. ఒక్క మైక్రోసెకను కూడా వసూలు కాలేదు.

పరిశోధకురాలు: కలూజా ఉత్తరంలో ఏముందో చెప్పకుండా వదిలేస్తే ఎలా? ఆయన చేసింది చిన్న పని కాదు. ఐన్‌స్టీన్ సమీకరణాలను నాలుగుకు బదులు అయిదు డైమెన్షన్లలో రాశారు. విప్పి చూస్తే అందులోంచి మనకు తెలిసిన గురుత్వాకర్షణ వచ్చింది, దాంతోపాటు మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సమీకరణాలూ వచ్చాయి. వెలుతురు సిద్ధాంతాన్ని ఎవరూ అందులో పెట్టలేదు, అదే బయటికొచ్చింది. 1926లో ఆస్కార్ క్లైన్ ఆ అయిదో దిశ మనకెందుకు కనబడదో చెప్పారు. అది వలయంగా చుట్టుకుంది, దాని కొలత సెంటీమీటరును 1 పక్కన 30 సున్నాలతో భాగిస్తే వచ్చేంత. రెండు వేర్వేరు శక్తులు ఒకే జ్యామితికి రెండు ముఖాలని తేలితే, దాన్ని ఊరికే కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

ఇంజనీరు: బయటికొచ్చినవి రెండేనా? మూడోది కూడా వచ్చింది కదా. ఆ వలయం ఎంత పెద్దదో చెప్పే క్షేత్రం ఒకటి. అలాంటిది లోకంలో కనబడలేదు. దాన్ని కదలకుండా పట్టి ఉంచడానికి మళ్లీ వేరే ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది. ఇక కొలతంటారా, ఏ యంత్రమూ చేరలేనంత చిన్నది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పరిశోధకురాలు: ఆ మూడో క్షేత్రం నిజంగానే తలనొప్పి, కాదనను. కానీ కొలత ఎప్పుడూ అందనంత చిన్నదే అయి ఉండాలన్న నియమం లేదు. దాన్ని మార్చింది 1998. అది చెప్పేముందు ఒక ప్రశ్న. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర క్యాబ్ బుక్ చేశారనుకోండి. ఫోన్‌లో మీ చుక్కా క్యాబ్ చుక్కా ఒక్కచోటే ఉంటాయి. ఎదురుగా మాత్రం క్యాబ్ ఉండదు. అప్పుడేమనుకుంటారు?

ఇంజనీరు: ఫ్లైఓవర్ మీదుందనుకుంటాను. డ్రైవర్ ఫోన్ చేసి అదే చెప్తాడు కూడా.

పరిశోధకురాలు: అంటే రెండు డైమెన్షన్ల మ్యాప్‌లో కుదరని లెక్క మూడోది ఉందని పట్టిచ్చింది. భౌతికశాస్త్రంలోనూ అలా కుదరని లెక్క ఒకటుంది. రెండు ప్రోటాన్ల మధ్య విద్యుత్ వికర్షణ వాటి గురుత్వాకర్షణ కంటే సుమారు 1 పక్కన 36 సున్నాల రెట్లు బలమైనది. గురుత్వాకర్షణ ఇంత బక్కచిక్కిపోయిందెందుకు? నిమా అర్కానీ హమీద్, సావాస్ దిమోపౌలోస్, గియా ద్వాలీ 1998లో చెప్పిన జవాబు ఇది. గురుత్వాకర్షణ బలహీనమైనది కాదు, మిగతా శక్తులు చేరని డైమెన్షన్లలోకి కూడా పారి పలచబడుతోంది. అలాంటివి రెండుంటే, వాటి కొలత మిల్లీమీటరుకు దగ్గరగా ఉండొచ్చని లెక్క చెప్పింది. విచిత్రమేమిటంటే, న్యూటన్ వర్గ విలోమ సూత్రాన్ని అప్పటిదాకా మిల్లీమీటరు కంటే బాగా తక్కువ దూరాల్లో ఎవరూ సరిగ్గా పరీక్షించనే లేదు! మరుసటి ఏడు లీసా రాండల్, రామన్ సుండ్రం ఇంకో దారి చూపారు. ఒక్క డైమెన్షనే, కాకపోతే బాగా వంపు తిరిగింది.

ఇంజనీరు: మీ ఫ్లైఓవర్ ఉదాహరణే మీకు చిక్కు తెస్తోంది. నేను ఫ్లైఓవర్ ఉందని నమ్మేది చుక్కలు కలవనందుకు కాదు, తలెత్తితే కనబడుతుంది కాబట్టి. ఫ్లైఓవరే లేని చోట చుక్కలు కలిసి క్యాబ్ కనబడకపోతే జీపీఎస్ తప్పంటాను. గురుత్వాకర్షణ బలహీనంగా ఉండటం ఒక చిక్కుప్రశ్న. చిక్కుప్రశ్న సాక్ష్యం కాదు.

పరిశోధకురాలు: కాబట్టే తలెత్తి చూశారు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల పరికరం ఒక బల్ల మీద పడుతుంది. సన్నని తీగకు వేలాడే లోహపు పళ్లెం, దాని కింద మెల్లగా తిరిగే ఇంకో పళ్లెం. రెండింటి మీదా వరుసగా చీలికల అమరిక. మధ్యలో విద్యుత్ ప్రభావం దాటకుండా పలచటి లోహపు పొర. కింది పళ్లెం తిరిగితే దాని చీలికల ఆకర్షణకు పైది ఇసుమంత మెలిపడుతుంది. ఆ మెలికను కాంతి కిరణంతో కొలుస్తారు. 2020లో ఈ రెంటి మధ్య ఖాళీని 52 మైక్రాన్లకు తగ్గించారు. మన తల వెంట్రుక మందం కంటే అది ఎక్కువేమీ కాదు. న్యూటన్ సూత్రం అక్కడా చెక్కుచెదరలేదు. దాంతో ఒక పెద్ద అదనపు డైమెన్షన్ ఉంటే అది 30 మైక్రాన్ల కంటే చిన్నదై ఉండాలని తేలింది.

ఇంజనీరు: అంటే తలెత్తి చూశారు, ఫ్లైఓవర్ లేదు. మిగతావీ చెప్పండి. 1987లో పేలిన సూపర్‌నోవా నుంచి న్యూట్రినోలు సుమారు పది సెకన్లపాటు వచ్చాయి. శక్తి అదనపు డైమెన్షన్లలోకి కారిపోయి ఉంటే అంతసేపు రావు. 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో, వర్గో పరికరాలు పట్టుకున్న న్యూట్రాన్ తారల ఢీ 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో జరిగింది. గురుత్వ తరంగాలు వేరే దిశల్లోకి జారిపోయి ఉంటే ఆ దూరానికి రావలసిన దానికంటే మందంగా రావాలి. అలా రాలేదు, నాలుగు డైమెన్షన్ల లెక్కకు సరిపోయింది. యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో 2010 నుంచి మునుపెన్నడూ లేనంత శక్తితో ప్రోటాన్లను ఢీకొట్టిస్తూ వచ్చారు. శక్తి మాయమైపోయిన జాడ ఒక్కటీ లేదు. పోయినచోటల్లా లేదనే జవాబే కదా?

పరిశోధకురాలు: 2017 కొలత కోట్ల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న డైమెన్షన్లకు సంబంధించింది. చుట్టుకున్న చిన్నవాటి గురించి అది ఏమీ చెప్పదు. మిగతా రెండూ గట్టి దెబ్బలే. రెండు డైమెన్షన్లు మిల్లీమీటరు దగ్గర ఉంటాయన్న తొలి ఆశ పోయింది. సెర్న్‌లో తొలి ఏళ్లలోనే ఏదో దొరుకుతుందని మా రంగంలో చాలామంది ఎదురుచూశారు. దొరకలేదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది తప్పని తేలడానికి వీలైన భావన. అంకెలు పెట్టింది, పరీక్షకు నిలబడింది, చోటు కోల్పోయింది. మాటల గారడీ అయితే ఈ గతి పట్టేది కాదు.

ఇంజనీరు: చోటు కోల్పోయిన ప్రతిసారీ ఇంకాస్త చిన్న చోటుకు జరుగుతోంది, నా అభ్యంతరమంతా అదే. మా పనిలో ఒక కట్టుబాటుంది. కాలమ్‌లు పెంచుకుంటూ పోతే చేతిలో ఉన్న డేటాకు మోడల్ ఎప్పుడూ బాగానే అతుకుతుంది. అందుకే కొంత డేటాను ముందే పక్కన దాస్తాం. మోడల్ ఎన్నడూ చూడని ఆ డేటా మీద నెగ్గితేనే లెక్క. నెగ్గకపోతే ఓవర్‌ఫిట్ అని పక్కన పెడతాం. డైమెన్షన్లు పెంచి పాత చిక్కులు తీర్చడం ఎంత తేలికో మాకు తెలుసు.

పరిశోధకురాలు: కాలమ్‌ల సంఖ్య మీరు ఎంచుకుంటారు. స్ట్రింగ్ థియరీలో పదిని ఎవరూ ఎంచుకోలేదు. తొమ్మిది పెడితే లెక్క తనను తానే ఖండించుకుంటుంది, పదకొండు పెట్టినా అంతే. పదిలోనే నిలుస్తుంది. 1984లో మైకేల్ గ్రీన్, జాన్ ష్వార్జ్ ఆ పది డైమెన్షన్ల సిద్ధాంతంలో అందరూ భయపడిన ఒక వైరుధ్యం దానంతటదే రద్దవుతుందని చూపారు. ఓవర్‌ఫిట్‌కు సర్దుబాటు మరలు కావాలి. ఇక్కడ డైమెన్షన్ల సంఖ్యకు మర లేదు.

ఇంజనీరు: సంఖ్యకు లేదు. ఆకారానికో? మిగిలిన ఆరింటినీ చుట్టడానికి ఎన్ని పద్ధతులున్నాయో మీరే చెప్తారు కదా, 1 పక్కన 500 సున్నాలని. మర ఒకచోట తీసి ఇంకోచోట బిగించారు. పైగా తనను తాను ఖండించుకోకపోవడం ఉనికికి రుజువెలా అవుతుంది? 2010 ఆగస్టులో ఇక్కడే, మాదాపూర్ హెచ్‌ఐసీసీలో, అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభ జరిగింది. మన దేశంలో అదే మొదటిది. ఎన్ని డైమెన్షన్లయినా తీసుకోగలిగిన సిద్ధాంతాలు ఆ వేదికల మీద వారంపైగా వినబడ్డాయి. ఒక్కటీ తనను తాను ఖండించుకునేది కాదు. వాటన్నిటికీ విశ్వంలో చోటివ్వాలంటారా?

పరిశోధకురాలు: అక్కర్లేదు. ఆ ఆకారాల గుంపు మా వాదనలో అన్నిటికంటే బలహీనమైన చోటు. దాన్ని దాచి లాభం లేదు. ఇప్పుడు మీ వైపు బలహీనత కూడా చూద్దాం. చోటుకు సరిగ్గా మూడు డైమెన్షన్లు ఎందుకు? మీ దగ్గర జవాబుందా?

ఇంజనీరు: 1917లో పాల్ ఎరెన్‌ఫెస్ట్ ఇచ్చారు. నాలుగుంటే గ్రహాల కక్ష్యలు నిలవవు. కాస్త అదిరితే గ్రహం సూర్యుడిలో పడుతుంది, లేదా అంతరిక్షంలోకి జారిపోతుంది.

పరిశోధకురాలు: పెద్ద డైమెన్షన్లు నాలుగైతే మనం ఇక్కడ కూర్చుని వాదించుకోలేమని అది చెప్తుంది. మూడే ఎందుకొచ్చాయో చెప్పదు. చుట్టుకున్న చిన్నవాటిని అది ఆపదు కూడా, గ్రహాల దూరాల్లో వాటి ప్రభావం ఉండదు కాబట్టి. మూడు అన్న అంకెను మీరు కొలిచి రాసుకున్నారు, లెక్కలోంచి రాబట్టలేదు. ఆ అంకెను పుట్టించే సిద్ధాంతం ఏదైనా సరే డైమెన్షన్ల సంఖ్య మారడానికి వీలున్న చోటునుంచే మొదలవ్వాలి.

ఇంజనీరు: అది నిజమే, ఒప్పుకుంటాను. మూడు అన్నది నాకు అందిన డేటా మాత్రమే, వివరణ కాదు. కానీ వివరణ లేని మూడుకు బదులు కనబడని పది ఇచ్చి, అందులో ఆరు ఎందుకు చుట్టుకున్నాయో చెప్పలేకపోతే ప్రశ్న స్థలం మారిందంతే.

పరిశోధకురాలు: స్థలం మారడమే ఒక్కోసారి ముందడుగు. 1995లో ఎడ్వర్డ్ విట్టెన్ ఇంకో మాట చెప్పారు. పది డైమెన్షన్ల స్ట్రింగ్ సిద్ధాంతాల్లో ఒకదాంట్లో పరస్పర ప్రభావాన్ని పెంచుకుంటూ పోతే పదకొండో డైమెన్షన్ తెరుచుకుంటుంది. 1997లో హువాన్ మాల్డసేనా ఇంకా దూరం వెళ్లారు. అయిదు డైమెన్షన్లలో గురుత్వాకర్షణ ఉన్న ఒక లోకమూ, నాలుగు డైమెన్షన్లలో గురుత్వాకర్షణే లేని ఇంకో లోకమూ ఒకటేనన్నారు. ఒకదాంట్లో వేసిన ప్రతి ప్రశ్నకూ రెండోదాంట్లో జవాబుంటుంది.

ఇంజనీరు: ఇది మీకే ఎదురు సాక్ష్యం కదండీ! ఒకే లోకాన్ని నాలుగుతోనూ అయిదుతోనూ రాయగలిగితే ఎన్ని డైమెన్షన్లున్నాయన్న ప్రశ్నకు జవాబే లేదన్నమాట. డైమెన్షన్ మీరు వాడే భాషలో ఉంది, లోకంలో లేదు. నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

పరిశోధకురాలు: అది రెండు వైపులా కోస్తుంది. అయిదో డైమెన్షన్ భాషే అయితే మీ మూడో డైమెన్షనూ భాషే. ఒకదాన్ని లోకంలో ఉంచి ఇంకోదాన్ని పుస్తకంలోకి నెట్టే హక్కు మీకు పోతుంది. అయితే మాల్డసేనా లోకానికి రుణ వక్రత ఉంటుంది, మీ రావుగారి తలానికున్నట్టే. వ్యాపించే వేగం పెరుగుతూ పోతున్న మన విశ్వం అలాంటిది కాదు. కాబట్టి ఆ ఫలితాన్ని ఇక్కడికి లాక్కొచ్చే హక్కు మీకూ లేదు, నాకూ లేదు.

ఇంజనీరు: సరే, నేల మీదికి దిగుదాం. ఏం కనబడితే మీరు గెలిచినట్టు? ఏం కనబడకపోతే ఓడినట్టు?

పరిశోధకురాలు: 2022లో మిగెల్ మోంటెరో, కుమ్రన్ వఫా, ఐరీన్ వలెన్స్వెలా ఒక ప్రతిపాదన చేశారు. విశ్వం వ్యాప్తిని తరుముతున్న డార్క్ ఎనర్జీ నమ్మలేనంత చిన్న అంకె. అది అంత చిన్నగా ఉండాలంటే ఒక డైమెన్షన్ మైక్రాన్ల కొలతలో, ఒకటి నుంచి పది దాకా, ఉండాలని వాళ్ల లెక్క. ఇప్పుడు 30 దగ్గర ఉన్నాం. ఒక మైక్రాన్ కిందికి వెళ్లాక కూడా న్యూటన్ సూత్రం నిలిస్తే ఆ ప్రతిపాదన పోయినట్టే. ఇప్పుడు మీరు చెప్పండి. అయిదు మైక్రాన్ల దగ్గర సూత్రం తప్పితే అదనపు డైమెన్షన్ ఉందని ఒప్పుకుంటారా?

ఇంజనీరు: నిజం చెప్పాలంటే ఒప్పుకోను. ఏదో కొత్త కణం, కొత్త బలం అంటాను. చోటుకు కొత్త దిశ కట్టబెట్టడం కంటే పట్టికలో ఒక కణం చేర్చడం చవక.

పరిశోధకురాలు: నేను కూడా మొదట అదే అంటాను. కానీ వలయంగా చుట్టుకున్న డైమెన్షన్ ఒక్క కణంతో ఆగదు. దాంట్లో తిరిగే ప్రతి అలా వలయంలో ఒక్కసారి, రెండుసార్లు, మూడుసార్లు ఇమడాలి. అందుకని మనకు సమాన దూరాల్లో మెట్లలా బరువుల వరుస కనబడుతుంది, ఒకటి, రెండు, మూడు రెట్లు. ఊరికే చేర్చిన కొత్త కణానికి ఆ మెట్లు ఉండవు.

ఇంజనీరు: రాండల్, సుండ్రం చెప్పిన వంపు డైమెన్షన్లో మెట్లు సమానంగా ఉండవుగా? పైగా మాల్డసేనా దారిలో చూస్తే ఆ మెట్లను నాలుగు డైమెన్షన్లలోనే, గట్టి బలంతో ముడిపడ్డ కణాల కుటుంబంగానూ చదవొచ్చు.

పరిశోధకురాలు: చదవొచ్చు. వంపు డైమెన్షన్ విషయంలో మీకు ఆ దారి తెరిచే ఉంది, నేను మూయలేను. కానీ మెట్లు సమానంగా ఉండి, ప్రతి మెట్టూ గురుత్వాకర్షణ అంత బలంతోనే తగిలితే, దాన్ని నాలుగు డైమెన్షన్లలో ఇమడ్చడానికి మీరు నాకంటే ఎక్కువ కుస్తీ పట్టాలి.

ఇంజనీరు: సమాన దూరంలో మూడు మెట్లు చూపించండి, నేను వాదన మానేస్తాను. అప్పటిదాకా విశ్వానికి చోటు మూడు, కాలం ఒకటి అనే రాసుకుంటాను.

పరిశోధకురాలు: నేనూ అలాగే రాస్తాను. కాకపోతే ఏ దూరం వరకు కొలిచి అలా అన్నామో, ఆ 30 మైక్రాన్లు, పక్కనే రాస్తాను. అది రాయకపోతే తెలిసినదానికంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది.

ఇంజనీరు: రాయండి, ఆ అంకె నాకూ కావాలి. రేపు అది ఒకటికి దిగినప్పుడు, మీ డైమెన్షన్ పోయిందంటారో, అర మైక్రాన్ దగ్గర కొత్త లెక్క దొరికిందంటారో చూడాలి కదా.